కాడి దించడం తెలిసిన దైవజనుడు - ఫాదర్ హయ్యర్



పల్నాటి సువార్త చరిత్రను తలచుకొన్నప్పుడెల్లా మొదట వినబడే పేరు ఫాదర్ హయ్యర్ గారిది. ఆయన గుంటూరులో అడుగుపెట్టిన తేదీ, 1842 జూలై 31, మన పెద్దలలో చాలామందికి కంఠస్థము. ఆయన ఎంత పని చేశారో మనము ఎన్నో సభలలో చెప్పుకొన్నాము. కాని ఆ పనిని ఎక్కడ ఆపారో, ఎందుకు ఆపారో, ఆపిన తరువాత మరల ఎలా మొదలుపెట్టారో అంతగా చెప్పుకోలేదు. ఈ సంచికకు వ్యాసము వ్రాయమని పెద్దలు అడిగినప్పుడు ఆ సంగతినే వ్రాయాలని నాకు తోచింది. దానికి నా సొంత కారణము ఒకటి ఉంది. అది చివర మనవి చేస్తాను.

బాల్యము, విద్య

ఆయన పూర్తి పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. 1793 జూలై 10వ తేదీన జర్మనీ దేశములోని హెల్మ్‌స్టెట్ పట్టణములో జన్మించారు. అవి ఐరోపా అంతటా యుద్ధములు చెలరేగుతున్న రోజులు. 1807లో, పదునాలుగేండ్ల ప్రాయములో, తలిదండ్రులు ఆయనను అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో ఉన్న మేనమామ వద్దకు పంపారు. కన్నవారిని, పుట్టిన ఊరిని విడిచి సముద్రము దాటడం ఆయనకు అదే మొదలు. ఆ తరువాత ఆయన జీవితములో ఎన్ని సముద్ర ప్రయాణములో!

ఫిలడెల్ఫియాలో లూథరన్ బోధకుల వద్ద వేదాంతము నేర్చుకొన్నారు. 1815లో జర్మనీకి తిరిగివెళ్ళి గొట్టింగెన్ విశ్వవిద్యాలయములో చదివారు. మరల అమెరికాకు వచ్చి 1817లో బోధించుటకు అనుమతి పొందారు. 1820లో గురుపట్టము పొందారు. అంతకు ముందు సంవత్సరమే, 1819లో, మేరీ గారిని వివాహమాడారు.

అమెరికా మన్యములో

ఆనాటి అమెరికాను నేటి అమెరికాగా ఊహించుకోరాదు. పడమటి వైపున అడవులు నరికి కొత్తగా ఇండ్లు కట్టుకొంటున్న కాలమది. జర్మనీ నుండి వచ్చిన కుటుంబములు అక్కడొకటి ఇక్కడొకటిగా చెదరి ఉండేవి. వారికి గుడి లేదు, బడి లేదు, బిడ్డకు బాప్తిస్మమిచ్చే బోధకుడు లేడు. హయ్యర్ గారు అట్టివారిని వెదుక్కొంటూ గుఱ్ఱము మీద తిరిగారు. పెన్సిల్వేనియా, మేరీలాండ్ రాష్ట్రములలో సంఘములను కాచారు. ఆదివార బడులు నెలకొల్పుటకు ఊరూరా ప్రయాణము చేశారు. పిట్స్‌బర్గ్ నగరములో 1837లో జర్మను వారికొకటి, ఇంగ్లీషు వారికొకటి సంఘములను నిలబెట్టారు.

ఈ విధముగా ఇరువది సంవత్సరములకు పైగా గడిచాయి. ఇల్లు ఒకచోట, పని మరొకచోట. భార్యకు, పిల్లలకు ఆయన దొరికిన దినములు తక్కువ. 1839లో మేరీ గారు చనిపోయారు. మన మిషనెరీల చరిత్రలు వ్రాసేవారు ఈ మాటను ఒక్క వాక్యములో దాటిపోతారు. నేనూ మునుపు అలాగే దాటిపోయాను. ఇప్పుడు మాత్రము ఆ వాక్యము దగ్గర ఆగుతున్నాను. దైవజనుని సేవకు వెల ఆయన ఒక్కడే చెల్లించడు. ఇంటిలో ఉన్నవారూ చెల్లిస్తారు.

గుంటూరునకు రాక

1841లో ఆయనకు నలుబది ఎనిమిదేండ్లు. ఆ వయస్సులో మనవాళ్ళు పిల్లల పెండ్లిండ్లు, చేతికి వచ్చిన కొడుకులను గూర్చి ఆలోచిస్తారు. ఆయన మాత్రము పెన్సిల్వేనియా లూథరన్ సంఘముల తరపున ఇండియాకు వెళ్ళుటకు సమ్మతించారు. అక్టోబరు నెలలో బోస్టన్ రేవులో ఓడ ఎక్కి, అయిదు నెలలు సముద్రము మీద గడిపి, 1842 మార్చిలో సింహళము చేరారు. అక్కడనుండి తమిళ దేశము మీదుగా మద్రాసు వచ్చి, ఉత్తరముగా ప్రయాణించి జూలై 31న గుంటూరు చేరారు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ దొరగారు దైవభక్తి గలవారు. తన జిల్లాకు ఒక బోధకుడు రావాలని కోరుకొన్నవారు. హయ్యర్ గారికి ఆయన అన్ని విధముల తోడ్పడ్డారు.

అప్పటి గుంటూరు సీమ ఎట్టిదో గుర్తుచేసుకోవాలి. అంతకు పదేండ్ల క్రితమే, 1832-33లో, నందన కరువు వచ్చి ఊళ్ళకు ఊళ్ళు పాడుపడ్డాయి. కృష్ణమ్మకు విజయవాడ వద్ద ఆనకట్ట ఇంకా లేదు. జనము ఆ దెబ్బనుండి పూర్తిగా తేరుకోలేదు. బడి ముఖము చూడని పిల్లలు, మందు ముఖము చూడని రోగులు ఎక్కడ చూచినా ఉండేవారు. నలుబది తొమ్మిదేండ్ల మనిషి అక్షరాభ్యాసము చేసి తెలుగు నేర్చుకొన్నారు. బడులు తెరిచారు, బాలికలకు కూడా చదువు చెప్పించారు. పల్లెలు తిరిగారు. సాయముగా 1844లో వాల్టర్ గన్ దొరగారు, వారి సతీమణి వచ్చేవరకు ఆయన ఒంటరిగానే ఆ భారము మోశారు.

మొదటి విరామము

మూడు సంవత్సరములు దాటేసరికి ఆయన ఆరోగ్యము చెడింది. ఇక్కడి ఎండ, ఇక్కడి జ్వరములు ఆయన శరీరమునకు కొత్త. అప్పటికి మలేరియా జ్వరమునకు దోమ కారణమని ఎవరికీ తెలియదు. ఆ సంగతి రోనాల్డ్ రాస్ గారు మన సికింద్రాబాదులోనే కనుగొన్నది 1897లో, అనగా మరి అర్ధ శతాబ్దము తరువాత.

ఇప్పుడు ఆయన ముందు రెండు దారులున్నాయి. పడిపోయేవరకు పనిచేయడం ఒకటి. గన్ దొరగారి చేతికి పని అప్పగించి తాను కొంతకాలము తొలగడం రెండవది. మొదటి దారికి పొగడ్త ఎక్కువ. రెండవ దారిలో నిందలు రావచ్చు. సముద్రము దాటి వెళ్ళినవాడు మూడేండ్లకే తిరిగివచ్చాడని సహాయము పంపినవారు అనుకోవచ్చు. హయ్యర్ గారు రెండవ దారి పట్టారు. 1846 నాటికి అమెరికా చేరారు.

ఆ విరామములో ఆయన ఊరకే కూర్చోలేదు. అయితే అదే పనిని మరొకచోట అదే వేగముతో చేయనూ లేదు. బాల్టిమోర్ నగరములో ఒక సంఘమును కాస్తూ, విద్యార్థి అయి బల్ల మీద కూర్చొని వైద్యశాస్త్రము చదివారు. 1847లో వైద్య పట్టము పుచ్చుకొన్నారు. అప్పటికి ఆయన వయస్సు ఏబది దాటింది. తన కొడుకుల యీడు వారితో కలిసి చదవడానికి ఆయన సిగ్గుపడలేదు. గుంటూరులో చూచిన రోగులు ఆయనకు జ్ఞాపకమున్నారు కాబోలు. పని నుండి ఎడమైనందువలననే, ఆ పనికి ఏమి కొరవడిందో నేర్చుకొనే తీరిక దొరికింది.

పల్నాటి రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనవసరము లేదు. కాలువలు రాకముందు మన మెట్ట చేలను ఒక్కొక్క ఏడు బీడు పెట్టేవారు. బీడు పెట్టిన చేను చచ్చిన చేను కాదు. మరుసటి ఏటి పంటకు అది సత్తువ కూడగట్టుకొంటుంది.

గురజాల

1848లో హయ్యర్ గారు గుంటూరు తిరిగివచ్చారు. అక్కడ గన్ దొరగారు ఉన్నారు గనుక, మరల అదే కుర్చీలో కూర్చొనవలసిన అవసరము లేకపోయింది. ఆయన చూపు పడమటి వైపుకు మళ్ళింది. 1849లో సుమారు నూరు కిలోమీటర్ల దూరములోని గురజాలకు వచ్చి నివాసము ఏర్పరచుకొన్నారు. మనము ఒక సంగతి గమనించాలి. ఆయన గుంటూరు పనిని తన గుప్పిట్లోనే పట్టుకొని ఉంటే గురజాలకు వచ్చేవారు కారు. ఇతరులకు పని అప్పగించడం నేర్చుకొన్నందువలన పల్నాటికి ఒక బోధకుడు దొరికాడు.

అప్పటి పల్నాడు ఎండకు, రాళ్ళకు, అడవులకు పేరుబడిన సీమ. నాగులేరు వానాకాలములో పారితే పారినట్లు, లేకుంటే లేనట్లు. నేలను తవ్వితే పలకరాయి. జొన్నలే ఆధారము. బ్రహ్మనాయుడు, నాగమ్మల కాలమునుండి పగలకు, పట్టుదలలకు ఈ నేల ఎరుకే. నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్ళు రావడానికి ఇంకా నూరేండ్లకు పైగా ఉంది. అట్టిచోట ఏబది ఆరేండ్ల మనిషి బైబిలుతోపాటు మందుల పెట్టెను కూడా పట్టుకొని పల్లెలు తిరిగారు. ఆయన బోధ విన్నవారిలో ఎక్కువమంది ఊరి వెలుపల ఉంచబడినవారు, గుడి గుమ్మము తొక్కనివ్వబడనివారు. వారికి జ్వరము వస్తే చేయి పట్టుకొని నాడి చూచిన దొర ఆయన. ఆ స్పర్శయే వారికి మొదటి ప్రసంగమని చెప్పవచ్చు. కొద్ది కాలములోనే పల్నాటి పల్లెలలో బాప్తిస్మములు జరిగాయి, చిన్న చిన్న బడులు లేచాయి. వయస్సును బట్టి, ప్రేమను బట్టి లూథరన్ పాదిరి అయిన ఆయనను జనము ఫాదర్ అని పిలిచారు. ఆ పేరే నిలిచిపోయింది.

గుంటూరులో వాల్టర్ గన్ దొరగారు 1851లో, ముప్పది ఆరేండ్ల వయస్సులో, ప్రభువునందు నిద్రించారు. ఆయన త్యాగమును తక్కువ చేయడానికి మనమెవరము? కొందరికి దేవుడు స్వల్పకాలపు సేవనే నిర్ణయిస్తాడు. కాని తొందరగా రాలిపోవడమే నిజమైన భక్తికి గుర్తు అని మాత్రము మనము పిల్లలకు బోధించరాదు. ముప్పది ఆరేండ్లకు వెళ్ళినవారూ, ఎనుబదేండ్లు బ్రతికినవారూ ఒకే యజమానుని దాసులే.

రెండవ విరామము

1857లో, అరువది నాలుగేండ్ల వయస్సులో, ఫాదర్ హయ్యర్ గారు మరల ఇండియాను విడిచారు. అప్పటికి ఇతర మిషనెరీలు వచ్చి ఉన్నారు. ఇక్కడ నాటినదానికి నీరు పోసేవారు ఉన్నారని ఆయన గ్రహించారు. తాను లేకపోతే పని ఆగిపోతుందని అనుకొనలేదు. అమెరికాలో మిన్నెసోటా ప్రాంతమునకు వెళ్ళి, అక్కడ కొత్తగా స్థిరపడుతున్న కుటుంబముల మధ్య సేవచేశారు. 1860లో అక్కడి లూథరన్ సంఘములు ఒక సినడుగా ఏర్పడినప్పుడు దాని మొదటి అధ్యక్షులు ఆయనే.

వృద్ధాప్యములో పిలుపు

1869లో ఒక క్లిష్ట పరిస్థితి వచ్చింది. అమెరికాలో జరిగిన అంతర్యుద్ధము వలన, సంఘములలో వచ్చిన చీలికల వలన మనుష్యులు, ధనము కొరవడ్డాయి. రాజమండ్రి ప్రాంతపు లూథరన్ పనిని ఆంగ్లికన్ వారి చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించుటకు ఏర్పాట్లు జరిగాయి. ఆ వార్త తెలిసి ఫాదర్ హయ్యర్ గారు పెన్సిల్వేనియా సంఘముల సభ ఎదుట నిలిచారు. ఎవరూ వెళ్ళనిచో తానే వెళతానన్నారు. అప్పటికి ఆయనకు డెబ్బది ఆరు సంవత్సరములు. సభ కదలిపోయింది. రాజమండ్రి పని లూథరన్ వారి చేతిలోనే నిలిచింది. ఆ సంవత్సరము డిసెంబరులో ఆయన గోదావరి గట్టు చేరారు.

ఇక్కడ కూడా నాకు ఆశ్చర్యము కలిగించేది ఆయన వెళ్ళడం ఒక్కటే కాదు, తిరిగిరావడం. తరువాతి సంవత్సరము యువకులు ఇద్దరు వచ్చారు. వారిలో బెకర్ దొరగారు కొద్ది నెలలకే మరణించారు. ష్మిట్ దొరగారు నిలిచారు. పని ఆయన చేతికి చిక్కిందని చూచుకొని 1871 ఆరంభములో ఫాదర్ హయ్యర్ గారు సెలవు తీసుకొన్నారు. ఇండియాలోనే చనిపోయి ఇక్కడే సమాధి కావాలని పట్టుబట్టలేదు. అవసరమున్నంతవరకు ఉన్నారు. అవసరము తీరిన తరువాత చిన్నవానికి చోటిచ్చి తప్పుకొన్నారు.

చివరి దినములలో ఆయన ఫిలడెల్ఫియాలోని వేదాంత కళాశాలలో విద్యార్థులకు ఇంటిపెద్దగా ఉన్నారు. గుంటూరు, గురజాల, రాజమండ్రి కథలు ఎన్ని ఆ పిల్లలకు చెప్పి ఉంటారో! 1873 నవంబరు 7వ తేదీన, ఎనుబదేండ్ల వయస్సులో, నిద్రించారు. పెన్సిల్వేనియాలోని సోమర్సెట్ ప్రాంతములో భార్య ప్రక్కనే ఆయనను సమాధి చేశారు. బ్రతికినన్నాళ్ళు ఎడబాటే ఎక్కువగా ఉన్న దంపతులు అక్కడ కలిసి విశ్రమిస్తున్నారు.

లెక్క చూచుకొంటే

మూడు పర్యాయములు కలిపి ఆయన మన దేశములో ఉన్నది సుమారు పదునాలుగు సంవత్సరములకు మించదు. ఆ పదునాలుగేండ్లు ఇరువది తొమ్మిదేండ్ల వ్యవధిలో పరచుకొని ఉన్నాయి. మధ్యలో రెండు విరామములు. మొదటి విరామము వైద్యుని చేసింది. రెండవ విరామము తరువాత ఒక మిషను నిలిచింది. ఆయన వేసిన బాటలోనే 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు గుంటూరు వచ్చారు. 1898లో ఆమె స్త్రీలకొరకు ఆసుపత్రి తెరిచారు. 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘము ఏర్పడింది. ఒక్క మనిషి ఒక్క బిగిని పరుగెత్తి ఇదంతా చేయలేదు. ఒకరి భుజము మీదినుండి మరొకరి భుజము మీదికి కాడి మారుతూ వచ్చింది.

అయితే ఆయన జీవితమంతా సమతూకముగా సాగిందని చెప్పడం అబద్ధము. తల్లిలేని పిల్లలను విడిచి ఓడ ఎక్కిన తండ్రి ఆయన. ఆ పిల్లల మనస్సులో ఏముందో మన పుస్తకములలో లేదు. పరిశుద్ధుల జీవితములలోని లోపములను దాచిపెడితే మనకు పాఠము దొరకదు.

నా సొంత కారణము

ఇప్పుడు నా కారణము చెప్తాను. కొన్ని సంవత్సరముల క్రితము నా ఆధీనములో ఏడు గ్రామముల సంఘములుండేవి. మోటారు సైకిలు మీద తెల్లవారుజామున బయలుదేరితే రాత్రి పది గంటలకు ఇల్లు చేరేవాడిని. ఉపవాస ప్రార్థనలు, పెండ్లిండ్లు, గృహప్రవేశములు, తగవులు, కట్టడము చందాలు. ఫోను మ్రోగితే భోజనము మధ్యలో లేచేవాడిని. ఎవరైనా విశ్రాంతి తీసుకోమంటే, పరలోకములో తీసుకొందామని నవ్వేవాడిని. ఆ మాటకు సంఘములో మెప్పు కూడా వచ్చేది.

ఒకనాడు ఒక పల్లెలో సమాధి కార్యక్రమము జరిపిస్తూ, మృతుని పేరు మరచిపోయాను. అతనికి బాప్తిస్మమిచ్చినది నేనే, వివాహము చేసినది నేనే. అతని భార్య నా ముఖములోకి చూస్తూ ఉంది. చేతిలోని కాగితము చూచి పేరు పలికాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చేస్తున్నది సేవ కాదు, తిరుగుడు మాత్రమేనని అర్థమైంది. తరువాతి వారమే కళ్ళు తిరిగి పడిపోయాను. వైద్యులు రక్తపోటు చూచి నెలరోజులు పని మానమన్నారు.

ఆ నెలలో రిటైరైన ఒక ఉపదేశి, స్త్రీల సమాజము వారు, యౌవనులు ఆరాధనలు నడిపించారు. ఒక్క ఆదివారమైనా గంట మ్రోగకుండా ఉండలేదు. అది విని సంతోషించాను. నిజము చెప్పాలంటే కొంచెము నొచ్చుకొన్నాను కూడా. ఇన్నాళ్ళు నేను లేకుంటే జరగదనుకొన్నది గర్వమేనని అప్పుడు తెలిసింది. ఆ నెలలోనే ఒక వృద్ధురాలు ప్రభువునందు నిద్రించింది. చివరి గడియలలో నన్ను అడిగిందట. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. విశ్రాంతికి కూడా వెల ఉంటుంది. కాని నేను విశ్రమించకపోతే, ఆమె ప్రక్కన నిలుచునేవాడు పేర్లు మరచిపోయిన మనిషై ఉండేవాడు.

మంచము మీద పడుకొని వేదాంత కళాశాల నాటి నా పాత పుస్తకము తెరిచి ఫాదర్ హయ్యర్ గారి జీవితము మరల చదివాను. విద్యార్థిగా చదివినప్పుడు నాకు కనబడినది ఆయన సముద్ర ప్రయాణములు, సాహసములు. ఈసారి కనబడినది ఆయన చేసిన విరామములు.

మనకు పాఠము

ఇది పాస్టర్లకు మాత్రమే సంబంధించినది కాదు. మన ఇండ్లను చూడండి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాత్రి పదకొండు వరకు పుస్తకము వదలని పిల్లలు హాస్టళ్ళలో ఉన్నారు. హైదరాబాదు, బెంగుళూరులలో కంప్యూటరు ఉద్యోగములు చేసే మన బిడ్డలకు రాత్రి, పగలు తేడా లేదు. మిరప చేలలో పెట్టుబడి రాబట్టుకోవాలని అప్పు మీద అప్పు తెచ్చి, కంటిమీద కునుకు లేని రైతులున్నారు. అందరికీ సెలవు తీసుకొనే వీలు ఉండదని నాకు తెలుసు. కూలికి పోనిదే పొయ్యి వెలగని ఇంటికి విశ్రాంతిని గూర్చి ప్రసంగము చేయడం తేలిక కాదు. అందుకే ఇది ఒక్కొక్కరి పని కాదు, సంఘము పని. ఇత్రో తన అల్లుడైన మోషేను చూచి చెప్పినది ఇదే. ఒక్కడే ఉదయము నుండి సాయంత్రము వరకు తీర్పు తీర్చితే అతడూ నలిగిపోతాడు, ప్రజలూ నలిగిపోతారు, భారమును పంచుకోవాలి. ఏలీయా చావు కోరుకొని చెట్టు క్రింద పడుకొన్నప్పుడు దేవుడు మొదట గద్దించలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ఆ తరువాతనే ప్రయాణము.

కనుక సంఘ పెద్దలకు నా మనవి: మీ పాస్టరుకు వారములో ఒక దినము ఇవ్వండి, ఆ దినమున అతనిని పిలువకండి. తలిదండ్రులకు నా మనవి: ఆదివారము పిల్లలకు పుస్తకము మూయనివ్వండి. ఇంటి యజమానులకు నా మనవి: మీ ఇంటిలో పనిచేసే ఆడకూతురుకు కూడా ఏడవ దినము ఉన్నదని గుర్తుంచుకోండి. విశ్రాంతి దినపు ఆజ్ఞలో దాసుడు, దాసి, చివరకు ఎద్దు, గాడిద కూడా ఉన్నాయి.

సాయంత్రము కాడి దించి ఎద్దులకు నీళ్ళు పెట్టే రైతును ఎవరూ సోమరి అనరు. తెల్లవారితే మరల దున్నవలసినది ఆ ఎద్దులతోనే గదా. ఫాదర్ హయ్యర్ గారు తన కాడిని మూడు మారులు ఎత్తుకొన్నారు, మూడు మారులు దించారు. ఆయన దున్నిన గురజాల నేలలో మనము ఇప్పటికీ పంట కోసుకొంటున్నాము. ఆ దైవజనుని జ్ఞాపకము మనకు ఆశీర్వాదకరముగా ఉండును గాక.